ఐదు స్టేషన్ల దూరం

సిడ్నీ పడమటి శివారు బ్లాక్‌టౌన్‌లో రైలెక్కితే సెవెన్ హిల్స్, టూన్‌గాబీ, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్ దాటాక ఐదో స్టేషన్ వెస్ట్‌మీడ్. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో వెస్ట్‌మీడ్ ఫెర్టిలిటీ సెంటర్ ఉంది. తక్కువ ఖర్చుతో ఐవీఎఫ్ చేయించేందుకు న్యూ సౌత్‌వేల్స్ ప్రభుత్వం 2019లో 42 మిలియన్ డాలర్లు ప్రకటించి ఎంచుకున్న మూడు చోట్లలో అదొకటి. మిగతావి ర్యాండ్‌విక్‌లోని రాయల్ హాస్పిటల్ ఫర్ విమెన్, క్యాంపర్‌డౌన్‌లోని రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రి. పిల్లల కోసం చికిత్స తప్పదని డాక్టరు చెప్పిన రోజున ఒక జంట ముందు చాలా దారులు కనిపిస్తాయి. క్రెడిట్ కార్డు ఉంది, పర్సనల్ లోను ఉంది, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర బంగారం ఉంది, రిటైర్మెంట్ కోసం కూడబెడుతున్న సూపర్ ఉంది, హైదరాబాదుకు టికెట్ ఉంది. ఈ దారులన్నిటిలో తట్టగానే తెరుచుకునే తలుపులే చివరికి ఎక్కువ ఖరీదైనవి. తక్కువ ఖర్చున్న తలుపు ఇరుకుగా ఉంది, దాని ముందు వరుస ఉంది, దానికి కాగితాలు కావాలి. ఇల్లు తన లెక్కను ఆ ఇరుకు తలుపు దగ్గర మొదలుపెట్టాలి. ప్రభుత్వం దాన్ని వెడల్పు చేయాలి. ఈ రెండూ కలిసి జరగకపోతే పిల్లలు కావాలన్న కోరికకు ఒక తరం తన ముసలితనపు ఆసరాను అమ్ముకోవలసి వస్తుంది.

సంతానలేమి ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే కష్టం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో తేల్చింది. ఆస్ట్రేలియాకు ఐవీఎఫ్ కొత్త కూడా కాదు. ఈ పద్ధతిలో 1978 జులైలో ఇంగ్లండ్‌లో లూయీస్ బ్రౌన్, అక్టోబరులో కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో దుర్గ పుట్టారు. 1980 జూన్‌లో మెల్‌బోర్న్‌లో క్యాండిస్ రీడ్ పుట్టింది. 1990 నుంచి ఐవీఎఫ్‌కు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సొమ్ము అందుతోంది. 2021లో ఆస్ట్రేలియాలో పుట్టిన ప్రతి 18 మంది పిల్లల్లో ఒకరు ఈ పద్ధతిలో పుట్టినవారే. ఆ ఏడాది జనగణన నాటికి బ్లాక్‌టౌన్ నగర జనాభా నాలుగు లక్షలకు చేరువైంది. దేశమంతటా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016లో సుమారు 34 వేలమంది ఉంటే 2021కి 59 వేలయ్యారు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఇరవైల చివర్లో, ముప్పైల మొదట్లో విమానం దిగినవాళ్లు ఇందులో చాలామంది. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చాక, ఇల్లు కొన్నాక పిల్లలనుకుని ఆగినవాళ్లకు శరీరం ఆగదన్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ప్రైవేటు క్లినిక్‌లో అండాలు తీసి, పిండం తయారుచేసి, గర్భంలో పెట్టే ఒక పూర్తి సైకిల్‌కు సుమారు పదివేల డాలర్లు, అంతకు పైనా అవుతుంది. అందులో దాదాపు సగం మెడికేర్ తిరిగిస్తుంది. మిగతా సగం ఎంతన్నది మాత్రం ఇంటి లెక్క మీద ఆధారపడుతుంది, ఈ లెక్క సరిగా తెలియక పోగొట్టుకునే డబ్బు తక్కువేమీ కాదు. మెడికేర్ సేఫ్టీ నెట్ అని ఒకటుంది. ఆసుపత్రిలో చేరకుండా బయట చేయించుకున్న వైద్యానికి ఏడాదిలో జేబులోంచి పెట్టిన ఖర్చు ఒక హద్దు దాటితే, ఆపైన పెట్టేదాంట్లో 80 శాతం వరకు, ఒక్కో సేవకు ఉన్న పరిమితికి లోబడి, వెనక్కి వస్తుంది. 2025లో సాధారణ కుటుంబాలకు ఆ హద్దు 2,615 డాలర్ల 50 సెంట్లు. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఒకే మెడికేర్ కార్డు మీద ఉన్నంత మాత్రాన ఇద్దరి ఖర్చూ కలవదు. సేఫ్టీ నెట్ కోసం కుటుంబంగా విడిగా నమోదు చేసుకోవాలి. అప్పుడే ఆయన స్పెషలిస్టుకు కట్టిన ఫీజు, ఆమె స్కానింగులకు కట్టింది ఒకే ఖాతాలో పడి హద్దును తొందరగా దాటిస్తాయి. ఇక ఈ లెక్క జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నవంబరులో ఒక సైకిల్, ఫిబ్రవరిలో ఇంకొకటి చేయించుకున్న జంట ఆ హద్దును రెండుసార్లు దాటాలి. అవే రెండు ఒకే ఏడాదిలో జరిగితే ఒక్కసారి దాటితే చాలు. నలభైకి దగ్గరైన స్త్రీ క్యాలెండరు కోసం ఆగకూడదు. ముప్పై రెండేళ్ల స్త్రీకి, డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే, రెండు నెలలు ఆగడం వల్ల వేల డాలర్లు మిగలవచ్చు.

అండాలు తీసే ప్రక్రియ డే సర్జరీలో జరుగుతుంది కాబట్టి అది ఈ సేఫ్టీ నెట్ కిందికి రాదు. అక్కడ పనికొచ్చేది ప్రైవేటు ఆరోగ్య బీమా. 2019 ఏప్రిల్‌లో బీమా పాలసీలను గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బేసిక్ అని విడగొట్టినప్పుడు సంతాన సాఫల్య సేవలకు తప్పనిసరిగా కవరేజీ ఉండాలన్నది ఒక్క గోల్డ్‌కే పెట్టారు. ముందునుంచే ఉన్న సమస్య అయితే 12 నెలలు ఆగాలి. అంటే చికిత్స మొదలయ్యే ముందు వారం గోల్డ్‌కు మారడం వల్ల లాభం లేదు. మందుల సంగతి ఇంతకన్నా మేలు. అండాశయాన్ని ప్రేరేపించే ఇంజెక్షన్లు ప్రభుత్వం రాయితీ ఇచ్చే మందుల పీబీఎస్ జాబితాలో ఉన్నాయి. 2026 జనవరి నుంచి మెడికేర్ కార్డున్నవారు ఆ జాబితాలోని ఒక్కో మందుకు కట్టవలసింది గరిష్ఠంగా 25 డాలర్లు. వైద్య ఖర్చుల మీద ఒకప్పుడు ఉన్న పన్ను రాయితీ 2019తో ముగిసింది, కాబట్టి రిటర్నులో దాన్ని వెతకనక్కర్లేదు.

పైన చెప్పినదంతా మెడికేర్ కార్డున్నవారికి. కార్డు లేనివారికి ఈ దేశంలో సంతాన చికిత్స పూర్తి ధర పెట్టి కొనుక్కోవలసిన వస్తువు. మెడికేర్‌తో పరస్పర ఒప్పందమున్న దేశాల జాబితాలో బ్రిటన్, ఐర్లండ్, ఇటలీ, న్యూజిలాండ్ వంటివి ఉన్నాయి, భారత్ లేదు. విద్యార్థులకు తప్పనిసరి చేసిన ఓషెక్ బీమా ఐవీఎఫ్‌కు వర్తించదు. ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తీసుకునే బీమాల్లోనూ చాలావాటిలో అదే పరిస్థితి. అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పీఆర్ చేతికొచ్చేదాకా ఆగనవసరం లేదు. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి, పనిచేసే హక్కున్నవారు నిర్ణయం రాకముందే మెడికేర్‌లో చేరవచ్చు (తల్లిదండ్రుల వీసాల దరఖాస్తులు వేరు). ఈ నెలల తేడా డబ్బులో కన్నా వయసులో ఎక్కువ. విక్టోరియాలో ఈ చికిత్సలను చాలాకాలం పర్యవేక్షించిన వార్టా సంస్థ అక్కడి క్లినిక్‌ల ఫలితాలతో ఒక పట్టిక ఇచ్చింది. 34, 35 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన స్త్రీకి ఒక పూర్తి సైకిల్‌తో బిడ్డ పుట్టే అవకాశం దాదాపు 40 శాతం, మూడింటితో 61 శాతం. 38, 39లో అవి 22, 38 శాతానికి దిగుతాయి. 40, 41లో 13, 25. వీసా వరుసలో గడిచిన రెండేళ్లకు ఆమె కట్టే ధర ఇదీ. ఇక్కడ పన్ను కడుతూ, ఇక్కడే స్థిరపడబోయే మనిషికి ఆ రెండేళ్లు మూసిన తలుపు చూపించి, తర్వాత తక్కువ ఫలితాలిచ్చే ఎక్కువ సైకిళ్లకు ప్రభుత్వమే సొమ్ము ఇవ్వడం ఖజానాకు కూడా గిట్టుబాటు కాదు.

ఇప్పుడు సూపర్ దగ్గరికి వద్దాం. చట్టం ప్రకారం సూపర్‌లోని డబ్బు రిటైరయ్యేదాకా ముట్టకూడదు. కారుణ్య కారణాలతో ముందే తీసుకోవచ్చని నిబంధనల్లో ఒక సందుంది, ఆ అనుమతి ఇచ్చేది పన్నుల శాఖ ఏటీఓ. ప్రాణాంతక వ్యాధికి గానీ, తీవ్రమైన లేక దీర్ఘకాలిక నొప్పికి గానీ, తీవ్రమైన లేక దీర్ఘకాలిక మానసిక వ్యాధికి గానీ చికిత్స అయితేనే ఇస్తారు. ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాలి, వారిలో ఒకరు స్పెషలిస్టు కావాలి. ఈ జాబితాలో సంతానలేమి అన్న మాట లేదు. కాబట్టి చాలామంది మానసిక వ్యాధి అన్న గడి కింద దరఖాస్తు పెట్టుకోవలసి వస్తుంది. పిల్లలు లేని దుఃఖం మనసును కుంగదీస్తుందన్నది నిజమే, ఆ కుంగుబాటుకు వైద్యం కావాలన్నదీ నిజమే. కానీ అండవాహిక మూసుకుపోయిన స్త్రీకి ఐవీఎఫ్ కోసం సూపర్ సొమ్ము దొరకాలంటే మానసిక రోగి అని కాగితం రావలసిన పరిస్థితి మానవత్వం కాదు. అంతకన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటుంది. ఐవీఎఫ్ ప్రభుత్వ వైద్యంలో సులువుగా దొరకదని డాక్టర్లు రాసివ్వాలి. అంటే ప్రభుత్వ వైద్యంలోని లోటును చట్టమే ఒప్పుకుని, దాన్ని పూడ్చే భారాన్ని రోగి వృద్ధాప్యం మీద వేసింది.

ఆ భారం ఎంత? ముప్పై అయిదేళ్ల స్త్రీకి చేతికి 20 వేల డాలర్లు కావాలనుకుందాం. అరవై లోపువారు ఇలా తీసుకునే సొమ్ముమీద 22 శాతం వరకు పన్ను పడుతుంది, కాబట్టి ఖాతాలోంచి దాదాపు 25,600 తీయాలి. ధరల పెరుగుదల పోగా ఏటా 4 శాతం పెరుగుతుందని వేసుకున్నా, ఆ డబ్బు కదపకుండా ఉంచితే ఆమెకు 65 ఏళ్లు వచ్చేసరికి ఇప్పటి విలువలో 83 వేలయ్యేది. ఇరవై వేల అవసరానికి ఎనభై మూడు వేల భవిష్యత్తు పోయింది. ఆడవాళ్ల సూపర్ ఖాతాలు సగటున మగవాళ్ల కన్నా చిన్నవి. పిల్లల కోసం ఉద్యోగం మానిన సంవత్సరాలు వాటిని ఇంకా తగ్గిస్తాయి. నా డబ్బు నా ఇష్టం, రేపటి సుఖం కన్నా ఇవాళ బిడ్డ ముఖ్యం అని ఎవరైనా అంటే, ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత ఎవరికీ లేదు. ఈ వాదన వాళ్ల నిర్ణయం మీద కాదు. దాన్ని తీసుకునే ముందు కనిపించవలసిన లెక్క కనిపించకపోవడం మీద. తప్పనిసరై తీసినా, భర్త ఖాతాలోంచి కూడా తీయవచ్చు. భార్యను ఆయన మీద ఆధారపడిన వ్యక్తిగానే చట్టం చూస్తుంది. ఆడమనిషి ఒంటిమీద జరిగే చికిత్స కాబట్టి ఆడమనిషి ఖాతాలోంచే తీయాలన్న అలవాటుకు కారణం లేదు.

ప్రభుత్వం డబ్బు పెంచితే క్లినిక్‌లు ధర పెంచుతాయి, రోగికి మిగిలేది ఏమీ ఉండదు అన్నది ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం. ఇది ఊహ కాదు, జరిగింది. 2004లో సేఫ్టీ నెట్‌ను విస్తరించి, హద్దు దాటాక ఎంత ఖర్చయినా 80 శాతం ఇస్తామన్నారు. ప్రసూతి వైద్యంలో, ఐవీఎఫ్‌లో ఫీజులు పైకి పోయాయి. 2009లో ప్రభుత్వమే చేయించిన సమీక్షలో, ఆ సొమ్ములో పెద్ద భాగం రోగి ఖర్చు తగ్గించకుండా పెరిగిన ఫీజుల్లో కలిసిపోయిందని తేలింది. 2010 జనవరి నుంచి ఒక్కో సేవకు పరిమితులు పెట్టారు. ఆ తర్వాత 2013లో వర్టస్ హెల్త్, 2014లో మొనాష్ ఐవీఎఫ్ స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. పిల్లలు లేని జంట బిల్లు వాటాదారుల డివిడెండుగా మారే వ్యాపారంలో, రీబేటు పెంచడమొక్కటే మందు కాదని నేనూ ఒప్పుకుంటాను. న్యూ సౌత్‌వేల్స్ 2022 బడ్జెట్లో ప్రకటించిన రెండు వేల డాలర్ల వరకు నగదు సాయం కూడా ఆ కుటుంబాలకు ఊరటే గాని పరిష్కారం కాదు. అభ్యంతరం చెప్పేవారు సరిగ్గా ఎత్తి చూపినది డబ్బు ఏ దారిలో ఇస్తున్నామన్నది. ఇవ్వకూడదన్న ముగింపు మాత్రం దాంట్లోంచి రాదు. రోగి చేతికి రీబేటు ఇచ్చి ధరను క్లినిక్‌కు వదిలేస్తే ధర పెరుగుతుంది. ప్రభుత్వమే క్లినిక్ నడిపితే ధర పెంచే చెయ్యి ఉండదు. విక్టోరియా 2022లో 120 మిలియన్ డాలర్లతో రాయల్ విమెన్స్ ఆసుపత్రి కేంద్రంగా ప్రభుత్వ సంతాన వైద్యాన్ని మొదలుపెట్టి, అర్హులకు ఉచితంగా ఐవీఎఫ్ ఇస్తోంది. మెల్‌బోర్న్ పడమటి శివారులోని తెలుగు జంటకు ఉన్న ఈ హక్కు బ్లాక్‌టౌన్ జంటకు ఎందుకు లేదు? ఒకే పన్ను, ఒకే మెడికేర్, మధ్యలో ఒక రాష్ట్ర సరిహద్దు.

ఇంత తలనొప్పి ఎందుకు, ఇండియా వెళ్లి చేయించుకుంటే పోదా అన్నది మన ఇళ్లలో వినిపించే మాట. ఒక సైకిల్ ధర మాత్రమే చూస్తే హైదరాబాదు, విజయవాడ, గుంటూరు ఇక్కడి కన్నా చవక, అందులో సందేహం లేదు. అమ్మ చేతి వంట, సెలవులో విశ్రాంతి కూడా తీసిపారేయవలసినవి కావు. కానీ ఐవీఎఫ్ ఒకసారి వెళ్లి చేయించుకు వచ్చే పని కాదు. మొదటిసారి ఫలించకపోతే నిల్వ ఉంచిన పిండాలతో మళ్లీ ప్రయత్నిస్తారు. సంతాన సాఫల్య చికిత్సల మీద భారత్ 2021లో తెచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాలను జాతీయ బోర్డు అనుమతి లేకుండా దేశం దాటించకూడదు, సొంత వినియోగానికైనా సరే. కాబట్టి పిండాలు అక్కడ, మనిషి ఇక్కడ. ప్రతి ప్రయత్నానికీ టికెట్టు, జీతం లేని సెలవు కలిపితే చవక అన్నది త్వరగా కరిగిపోతుంది. స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 అన్న వయసు హద్దులూ ఆ చట్టంలో ఉన్నాయి. ఇక సరోగసీ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. న్యూ సౌత్‌వేల్స్‌లో నివసించేవారు వాణిజ్య సరోగసీ విదేశంలో చేయించుకున్నా ఇక్కడ నేరమే, 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. భారత్ కూడా దాన్ని నిషేధించింది. చట్టం మూసిన చోట దళారులు తెరిచే దారి ఎక్కడికి పోతుందో 2025 జులైలో సికింద్రాబాద్ కేసు చూపించింది. సరోగసీ బిడ్డ అని చేతిలో పెట్టిన పసికందుకు తమతో రక్తసంబంధం లేదని ఆ దంపతులకు డీఎన్‌ఏ పరీక్షలో తెలిసింది. పోలీసులు అరెస్టులు చేశారు. లక్షలు పోసింది ఆ దంపతులు, తల్లి ఒడి కోల్పోయింది ఆ బిడ్డ. ప్రభుత్వ వైద్యం అవసరం అక్కడా అంతే ఉంది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించినప్పుడు తెలంగాణ దాన్ని గుర్తించినట్టే.

డబ్బు తేవడంతో పాటు అనవసరంగా పోకుండా చూసుకోవడమూ చికిత్స ఖర్చులో భాగమే. సంతానం కలగని జంటల్లో చాలామంది విషయంలో కారణం మగవారిలో ఉంటుంది, లేదా ఇద్దరిలోనూ ఉంటుంది. వీర్య పరీక్ష చవకైనది, నొప్పి లేనిది. అయినా ఆమెకు నెలల తరబడి స్కానింగులు, మాత్రలు, మొక్కులు అయ్యాకే ఆయన వంతు వచ్చే ఇళ్లున్నాయి. ఆ నెలల ఖర్చంతా మగవారి మొహమాటానికి కట్టిన మూల్యం. ఇంకొకటి, ప్రధాన చికిత్సకు తోడుగా క్లినిక్‌లు సూచించే అదనపు సేవలు. గర్భాశయపు లోపొరను కొద్దిగా గీరితే పిండం బాగా నిలుస్తుందని చాలాకాలం చాలాచోట్ల డబ్బు తీసుకుని చేశారు. ఆక్లండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో 1,364 మంది స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితాలు 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. గీరినవారిలోనూ గీరనివారిలోనూ బిడ్డ పుట్టినది ఒకే శాతం, 26.1. బిల్లులో ప్రతి అదనపు వరుస దగ్గరా దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని ఏ పరీక్షలో తేలింది అని డాక్టరును అడగడం అమర్యాద కాదు. క్లినిక్‌ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసుకునేందుకు 2021 ఫిబ్రవరి నుంచి యువర్ ఐవీఎఫ్ సక్సెస్ అన్న వెబ్‌సైట్ ప్రభుత్వ సొమ్ముతో నడుస్తోంది. ఇల్లు కొనేముందు పది వీధులు తిరిగే మనవాళ్లు క్లినిక్ ఎంచుకునే ముందు దాంట్లో ఒక సాయంత్రం గడపాలి.

పిల్లలు లేకపోవడం జబ్బా, దానికి అందరి పన్ను ఎందుకు అని అడిగేవారూ ఉన్నారు. అండవాహిక మూసుకుపోవడం, ఎండోమెట్రియోసిస్, వీర్యకణాలు లేకపోవడం శరీర లోపాలు కాక మరేమిటి? మోకాలి చిప్ప మార్చకపోతే ప్రాణం పోదు, అయినా దాన్ని మారుస్తాం, ఎందుకంటే నడక మనిషి బతుకులో భాగం. ఫ్రాన్స్‌లో స్త్రీకి 43 ఏళ్లు నిండేదాకా నాలుగు ప్రయత్నాల ఖర్చు ఆరోగ్య బీమా భరిస్తుంది. ఇజ్రాయెల్ రెండో బిడ్డ పుట్టేదాకా, 45 ఏళ్ల వరకు భరిస్తుంది. ఆస్ట్రేలియాలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2023లో 1.50కి పడిపోయింది. శ్రామికుల కోసం వయసులో ఉన్నవారినే వీసా ఇచ్చి పిలుస్తున్న దేశం, వాళ్లకు పిల్లలు పుట్టడాన్ని వాళ్ల సొంత ఖర్చుగా చూడటంలో పొంతన లేదు. అయితే నేనడిగేది జనాభా కోసం కాదు. చికిత్స ఫలించని వారి దుఃఖమూ, పిల్లలు వద్దనుకున్నవారి నిర్ణయమూ ఆ లెక్కలో చిన్నబోకూడదు. దత్తత తీసుకోవచ్చుగా అన్న సలహా కూడా తేలిగ్గా ఇచ్చేది కాదు. ఈ దేశంలో దత్తత దారి ఐవీఎఫ్ కన్నా సులువైనదీ కాదు, పొట్టిదీ కాదు.

వెస్ట్‌మీడ్‌కు వెళ్లడానికి ముందు కావలసినది జీపీ (ఫ్యామిలీ డాక్టరు) ఇచ్చే రిఫరల్, అందులో ఇద్దరి పేర్లూ. ఆ జీపీ దగ్గర నోరు విప్పడమే మన ఇళ్లలో కష్టమవుతోంది. ఆ జీపీ బంధువులకు తెలిసినవాడేమో, వెయిటింగ్ రూమ్‌లో ఊరివాళ్లు కనిపిస్తారేమో అన్న భయంతో మొదటి అపాయింట్‌మెంటు ఏడాది వెనక్కి పోతుంది. ఆ ఏడాది పట్టికలో ఎన్ని శాతాలో పైన రాశాను. తెలుగు సంఘాలు ఉగాదికి, దీపావళికి హాలు బుక్ చేసినప్పుడు ఆరోగ్య శిబిరం పెడతాయి, బీపీ చూస్తాయి, షుగరు చూస్తాయి. ఆ బల్ల పక్కన ఇంకో బల్ల వేసి, సేఫ్టీ నెట్ కుటుంబ నమోదు ఫారం, పీఆర్ దరఖాస్తుతో మెడికేర్‌లో చేరే పద్ధతి, వెస్ట్‌మీడ్ రిఫరల్‌లో ఏం రాయించుకోవాలో తెలిసిన నర్సు ఒకరు కూర్చుంటే చాలు. ఎవరి పేరూ అడగనక్కర్లేదు. కాగితం తీసుకుని వెళ్లిపోవచ్చు.